సంపులో క్లోరిన్ వేస్తే సరిపోతుందా, ఆర్‌ఓ తప్పదా? (బెంగళూరులో వర్తూరు వైపు అపార్ట్‌మెంట్ల నీళ్ళు)

వర్తూరు_వాణి: 24 ఫ్లాట్లు. కావేరి కనెక్షన్ లేదు, బోరు నీళ్ళూ ట్యాంకరు నీళ్ళూ కలిపి 20,000 లీటర్ల సంపులోకి పోతాయి. లీటరుకు మిల్లీగ్రాముల్లో ల్యాబ్ రిపోర్టు: టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 780, హార్డ్‌నెస్ 480, నైట్రేట్ 62. ఈ.కోలి (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) ఉంది. కమిటీలో సగం మంది "అందరిళ్ళలో ఆర్‌ఓ ఉందిగా, సంపు జోలికెందుకు" అంటున్నారు. మిగతావాళ్ళు క్లోరిన్ వేస్తే చాలంటున్నారు. మీరేమంటారు?

శ్రీను_కేఆర్‌పురం: ముందు క్లోరినే. ఆర్‌ఓ ఉండేది వంటింట్లో ఒక్క కుళాయికి. పళ్ళు తోముకోవడం, పాలసీసా కడగడం అన్నీ సంపు నీళ్ళతోనే. వాచ్‌మన్ కుటుంబం, పనివాళ్ళు తాగేదీ అవే, వాళ్ళకి ఆర్‌ఓ ఎవరు పెట్టారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క ప్రకారం సురక్షితమైన నీరంటే ఆవరణలోనే దొరకాలి, కావలసినప్పుడు రావాలి, అందులో మలంగానీ ప్రమాదకర రసాయనాలుగానీ కలవకూడదు. మీకు మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు.

లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున నిండు సంపుకి 40 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడరు తాజాగా ఉంటే మూడో వంతు క్లోరిన్ ఉంటుంది, మూట విప్పాక తగ్గిపోతూ వస్తుంది. 25 శాతమే అనుకుంటే 160 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో వంచాలి. అరగంట ఆగి, అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి నీళ్ళలో ఓటీ (ఆర్థోటొలిడిన్, క్లోరిన్ ఉంటే పసుపెక్కే ద్రవం) చుక్కలు వేయండి. లేత పసుపు రావాలి, మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు. రంగే రాలేదంటే అడుగున ఉన్న బురద క్లోరిన్‌ని తినేస్తోంది. సంపు కడగకుండా డోసు పెంచితే లాభం లేదు.

కమల_కెమిస్ట్రీ: శ్రీను గారూ, 62 నైట్రేట్ సంగతేంటి? మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో హద్దు 45, దానికి సడలింపు కూడా లేదు. క్లోరిన్‌తో అది పోదు. కాచితే నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుందంతే. ఆరు నెలల్లోపు బిడ్డకి ఆ నీళ్ళతో డబ్బాపాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. టీడీఎస్ 780 గురించి నేనైతే భయపడను, వేరే నీరు లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆర్‌ఓ అడుగుతున్నది నైట్రేట్ కోసమే.

శ్రీను_కేఆర్‌పురం: నైట్రేట్ విషయం ఒప్పుకుంటాను. కానీ రుచి కోసమని మెకానిక్ మెషీన్ వెనకున్న టీడీఎస్ స్క్రూ తిప్పుతాడు. అప్పుడు మెంబ్రేన్ (ఆర్‌ఓలో వడగట్టే పొర) గుండా పోకుండా పక్కనుంచి వచ్చిన నీరు గ్లాసులో కలుస్తుంది. పావు వంతు కలిసినా 62లో 15 తిరిగొచ్చినట్టే. పైగా కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ని లాగేస్తుంది కాబట్టి మెషీన్ ట్యాంకులో నిలవున్న నీటికి కాపలా ఉండదు. చేతిలో మీటరు టీడీఎస్ చూపిస్తుంది, ఈ.కోలిని చూపించదు.

బోరు_భాస్కర్: ఇద్దరూ మందు గురించే మాట్లాడుతున్నారు. నైట్రేట్, ఈ.కోలి రెండూ ఒకేచోట కనబడ్డాయంటే మురుగు ఎక్కడో కలుస్తోందని మొదటి అనుమానం. రాత్రి మోటరు ఆపి, సంపులోకి వచ్చే వాల్వులన్నీ మూసి, నీటిమట్టం దగ్గర గోడ మీద గీత గీయండి. తెల్లారి నీరు గీత దాటి పైకొస్తే బయటి నీరు పగుళ్ళలోంచి దిగుతోంది. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి) ట్యాంకు గోడ పక్కనే ఉంటే అదే మొదట చూడండి. బోరు కేసింగు నేలకి అడుగైనా పైకి ఉండాలి, చుట్టూ ఖాళీని సిమెంటుతో పూడ్చాలి. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు విడివిడిగా పరీక్షకు పంపండి, కలిపి పంపితే తప్పెక్కడో తేలదు.

కమల_కెమిస్ట్రీ: భాస్కర్ గారి మాట నిజం. అయితే మురుగు ఆపినా భూగర్భంలో చేరిన నైట్రేట్ వెంటనే దిగదు. అంతదాకా వాచ్‌మన్ గది కుళాయితో సహా అందరికీ ఒకటే ఆర్‌ఓ ప్లాంటు పెట్టండి. మనిషికి పది లీటర్ల లెక్కన వందమందికి రోజుకు వెయ్యి లీటర్లు. సగం నీరు రాబట్టే ప్లాంటైతే వృథా ఇంకో వెయ్యి, అది ఫ్లష్‌కి వాడుకోవచ్చు. ఇంటింటి మెషీన్లు లీటరుకు మూడు లీటర్ల చొప్పున కాలవలో పోస్తే మూడువేలు.

వర్తూరు_వాణి: శాంపిలు ఎలా పట్టాలండీ?

బోరు_భాస్కర్: ఈ.కోలికి ల్యాబ్ ఇచ్చిన స్టెరిలైజ్ చేసిన సీసానే వాడండి. క్లోరిన్ వేసిన నీళ్ళైతే సీసాలో థయోసల్ఫేట్ (క్లోరిన్‌ని విరిచే రసాయనం) ఉందో లేదో అడగండి, లేకపోతే దారిలోనే క్రిములు చచ్చి రిపోర్టు తప్పుగా శుభ్రమని వస్తుంది. లోహపు కుళాయి మూతి మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలి పట్టండి. సీసా లోపల వేలు తగలకూడదు. ఐసు పెట్టెలో పెట్టి ఆరుగంటల్లో ల్యాబుకి చేర్చండి. నైట్రేట్‌కి వేరే సీసా.