‘కన్నెమరా’లో కన్నె ఎవరు?

ప్రశ్న: మద్రాసు ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం పేరు విన్నప్పుడల్లా నాదొక సందేహం. ఇందులో ‘కన్నె’ మన కన్నేనా? మా తాతయ్య ‘కన్నె’, ‘మర’ అని విడగొట్టి, ఎవరూ ముట్టని యంత్రం అని నవ్వించేవారు.

జవాబు: తాతగారి వ్యుత్పత్తి బాగుంది గానీ, ఆ పేరుకీ కన్నెకీ చుట్టరికం లేదండీ. అది ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వే కౌంటీలో ఉన్న కానమారా (Connemara) అనే ప్రాంతం పేరు. కాన్మాక్ అనే మూలపురుషుడి సంతతిమని చెప్పుకునే తెగ ఒకటి అక్కడ ఉండేది. ఆ తెగలో చాలా శాఖలున్నాయి. కడలి ఒడ్డున ఉన్నవాళ్లకు తెగ పేరు చివర ‘మారా’ అని తగిలించారు. ఐరిష్‌లో ఆ మాటకి ‘సముద్రపు’ అని అర్థం. అంటే మర కాదు, సముద్రం.

ఆ పేరు మద్రాసుకి రాబర్ట్ బర్క్ అనే ఐరిష్ దొరతో వచ్చింది. 1827లో పుట్టాడు, అయిదో మేయో ప్రభువు కొడుకు. 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయ్ మేయో ఇతని అన్నే. ఐర్లండ్ వాడే అయినా 1868 నుంచి 1886 దాకా పార్లమెంటులో కూర్చున్నది ఇంగ్లండ్‌లోని కింగ్స్‌లిన్ తరఫున. విదేశాంగ శాఖలో రెండుసార్లు ఉపమంత్రి. 1886లో మద్రాసు గవర్నరయ్యాడు, మర్నాడే అన్నట్టు 1887లో ప్రభువు బిరుదిచ్చారు. మేయో పేరు అప్పటికే అన్నగారి వంశానిది కదా, మేయో పక్కనున్న కానమారా పేరుని ఈయన బిరుదుగా పెట్టుకున్నాడు. 1890 మార్చి 22న గ్రంథాలయానికి పునాదిరాయి వేసి, ఆ ఏడాదే పదవి దిగిపోయాడు. తలుపులు తెరిచింది 1896 డిసెంబరు 5న. భార్య డల్హౌసీ కూతురు. 1890లోనే విడాకులు, ఆ గొడవ ఇక్కడొద్దు. 1902లో పిల్లలు లేకుండా పోయాడు, బిరుదూ ఆయనతోనే పోయింది.

ప్రశ్న: మరి కానమారా కన్నెమరా ఎలా అయింది?

జవాబు: ఇంగ్లీషు స్పెల్లింగులో ఎన్ రెండుసార్లు ఉంటుంది. వాళ్లు ఒత్తి పలకరు. మనం రాసింది రాసినట్టు చదివి ‘న్న’ చేసుకున్నాం. నా అంచనా, తమిళుల నోటి ‘కన్నిమారా’ కూడా తోడైంది. వాళ్లకి కన్నిమార్ అంటే సప్తకన్యలు, గ్రామాల్లో కొలిచే దేవతలు. నోటికి అలవాటైన మాటలోకి కొత్త మాట జారిపోవడం మామూలే.

మరో జవాబు: కేరళ పరంబికులం అడవిలో కన్నిమరా టేకు అని ఒక బ్రహ్మాండమైన చెట్టుంది. దాన్నీ ఈ దొరకి ముడిపెట్టకండి. అక్కడ కన్ని నిజంగా కన్నే, మర నిజంగా చెట్టే. మన మ్రానుకి చుట్టం.

ప్రశ్న: సరే, ఇకనుంచి ‘కానమారా’ అని రాయాలా?

జవాబు: వద్దు. ఎగ్మూరులో ఆటో ఎక్కి కానమారా అంటే దింపేస్తాడు.