కుక్క చెప్పును ‘వర్రీ’ చేసిందంటే

సభ్యులందరికీ నమస్కారం. తాను అనువదిస్తున్న ఒక ఆంగ్ల కథలో ‘ది డాగ్ వజ్ వర్రీయింగ్ యాన్ ఓల్డ్ స్లిప్పర్’ అనే వాక్యం వచ్చిందని, కుక్క పాత చెప్పు గురించి దిగులుపడుతోందని రాస్తే అర్థం పొసగడం లేదని ఒక సోదరి మొన్న ఇక్కడ అడిగారు. ఆ కుక్క చెప్పును నోట కరచుకుని అటూ ఇటూ విదిలిస్తోంది, అంతే. అయితే ఆ ఒక్క వాక్యం నన్ను నాలుగు రోజులు వదలలేదు. ఆంగ్ల కథల్లో భయమూ దిగులూ ఎలా మాటలవుతాయో, అవి తెలుగులోకి వచ్చేటప్పుడు ఎక్కడ జారిపోతాయో తెలుసుకోవడానికి అదే మంచి దారి అనిపించి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

‘వర్రీ’ పుట్టుకలో మనసు ప్రసక్తే లేదు. ప్రాచీన ఆంగ్లంలో దాని పూర్వరూపానికి గొంతు నులమడం అని అర్థం. దానికి తోబుట్టువైన జర్మన్ క్రియ ఈనాటికీ ఆ అర్థంలోనే ఉంది. ఆ తరువాత అది తోడేళ్ళకూ కుక్కలకూ అంటుకుని, గొర్రెను గొంతు పట్టి కుదపడమైంది. ఆపైన మనుషుల మధ్యకు వచ్చి వేధించడం, విసిగించడం అయింది. ఎవరూ ఏమీ చేయకపోయినా మనిషి తనలో తానే మథనపడడం అనే నేటి అర్థం 19వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. అలాగని పాత అర్థం చచ్చిపోలేదు. పశువులను కుక్కల నుంచి కాపాడడానికి బ్రిటన్‌లో 1953లో చేసిన చట్టం, కుక్క పశువుల మీద పడడాన్నీ, వాటికి గాయమయ్యేలా వెంటపడి తరమడాన్నీ ఈ మాటతోనే చెప్పింది. ‘యాంగ్జైటీ’ కూడా ఇటువంటిదే. దాని మూలమైన లాటిన్ క్రియకు బిగించడం, ఊపిరాడనివ్వకపోవడం అని అర్థం. వేదభాషలో ఇరుకునూ ఆపదనూ చెప్పే ‘అంహస్’ దానికి దూరపు చుట్టమని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. మన నిఘంటువుల్లో అంహస్సు అంటే పాపం అని ఉంటుంది.

అందుకే ఆంగ్ల కథకుడు దిగులును వర్ణించేటప్పుడు అతని ఉపమానాలకు తరచు పళ్ళు ఉంటాయి. దిగులు కొరుకుతుంది, లోపల తొలుస్తుంది; ముభావంగా ఉన్నవాణ్ణి ‘నిన్ను ఏమి తింటోంది’ అని స్నేహితుడు అడుగుతాడు. తెలుగులో దిగులుకు ఆకలి కన్నా బరువు ఎక్కువ, వేడి ఎక్కువ. అది గుండెల మీద కూర్చుంటుంది, మనిషిని కుంగదీస్తుంది, లోలోపల దహిస్తుంది. ఇక బెంగ వేరే జాతి. అమ్మ ఊరికి వెళితే పిల్లవాడు బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకుంటాడు. దగ్గర ఉండవలసినవారు దూరమైనప్పటి బాధ అది. కథలో ఒకాయన బ్యాంకు అప్పు గురించి ‘వర్రీ’ అవుతుంటే అక్కడ బెంగ కుదరదు, దిగులు కుదురుతుంది. కూతురు పరీక్ష రాసి ఇంకా ఇంటికి రాలేదని తల్లి గుమ్మంలో నిలబడితే అది ఆదుర్దా. ఈ మూడింటికీ కలిపి ‘ఆందోళన’ అని రాసే అలవాటు మన అనువాదాల్లో బాగా పెరిగింది. ఆ మాట పత్రికల్లో ధర్నాలకూ ఊరేగింపులకూ ఎంత వాడుకైపోయిందంటే, గుమ్మంలో నిలబడిన తల్లికి దాన్ని తగిలిస్తే నా చెవికి ఆమె చేతిలో ప్లకార్డు ఉన్నట్టు వినిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు నామవాచకాల్లో లేదు, వాక్యంలో ఉంది. ఆంగ్ల కథలో దిగులుపడే మనిషి ఆలోచన చాలాసార్లు ‘వాటిఫ్’ అనే రెండు చిన్న మాటలతో మొదలవుతుంది. స్టేషన్‌లో భర్త కోసం ఎదురుచూస్తున్న ఆవిడ మనసులో ‘వాటిఫ్ హీ హాడ్ మిస్డ్ ది ట్రెయిన్’ అనుకుంటుంది. దీన్ని ‘అతను రైలు తప్పిపోయి ఉంటే ఏమిటి?’ అని రాసిన అనువాదాలు చూశాను. తెలుగువారి చెవికి అది దిగులు కాదు, ధిక్కారం. తప్పిపోతే ఏమిటట, మునిగిపోయిందేమిటి అన్నట్టు ఉంటుంది. అదే మాటను మన ఇంట్లో ఎవరైనా ఎలా అనుకుంటారు? ‘రైలు అందలేదేమో.’ ఇంకా భయం ఎక్కువైతే ‘రైలు గాని తప్పిపోలేదు కదా!’ ఆంగ్లం ఊహను ముందుకు తోసి చూస్తే, తెలుగు ‘ఏమో’ అని తటపటాయిస్తుంది. లేదా జరగకూడనిదాన్ని ‘లేదు కదా’ అంటూ ముందే కాదనిపించుకోవాలని చూస్తుంది. ‘కదా’లో ఉన్న ఆ ప్రాధేయపడడం ఆంగ్ల వాక్యంలో లేదు. అది లేదు కాబట్టి మనమూ తెలుగులో పెట్టకూడదనే వాదన నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అక్కడ ఆవిడ నిజంగా భయపడుతోంది, ఆ భయం పాఠకుడికి అందాలి.

ఇందుకు ఎదురుగా, భయం లేని చోట భయం కనిపించే వాక్యం ఒకటి ఉంది. ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ది డాక్టర్ ఈజ్ నాట్ ఇన్’ అని కథలో పనిమనిషి వినయంగా అంటే, ‘డాక్టరు లేరని భయపడుతున్నాను’ అని రాయడం పొరపాటు. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ‘అఫ్రెయిడ్’కు మొదట బెదిరిపోయినవాడనే అర్థం ఉన్నా, వినేవారికి నచ్చని మాటను మెత్తగా చెప్పే మర్యాదగా అది ఎప్పుడో మారింది. ఆ పనిని తెలుగులో ‘అండీ’ చేస్తుంది. ‘డాక్టరుగారు లేరండీ’ అంటే చాలు.

శరీరం విషయానికి వస్తే, ఆంగ్లంలో భయం చాలావరకు చలి. నెత్తురు చల్లబడుతుంది, వెన్నులో చలి పాకుతుంది, మనిషి గడ్డకట్టిపోతాడు. తెలుగులో నెత్తురు చల్లబడిందంటే వయసు మీదపడి ఆవేశం తగ్గిందని అర్థం కాబట్టి ఆ మాటను అలాగే తేకూడదు. అయితే దుర్వార్త విన్నప్పుడు కాళ్ళూ చేతులూ చల్లబడడం మనకూ ఉంది. పాలిపోయిన ముఖానికి ఆంగ్లేయుడు తెల్ల దుప్పటిని చూపిస్తాడు. మనం కత్తివేటుకు నెత్తురు చుక్క లేదంటాం, అది ఇంకా పదునైనదని నా నమ్మకం.

‘టెర్రర్’, ‘హారర్’ అనే మాటల మధ్య తేడాను కూడా ఇక్కడే చెప్పాలి. గోథిక్ నవలలు, అంటే పాత కోటల నేపథ్యంలో భయం గొలిపే కథలు, రాసిన ఆంగ్ల రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో, మొదటిది ఆత్మను విశాలం చేసి మేల్కొలుపుతుందని, రెండవది ముడుచుకుపోయేలా చేస్తుందని వాదించింది. మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరవుతున్నప్పుడు కలిగేది మొదటిది, తలుపు తెరిచి చూశాక కలిగేది రెండవది అని నేను అర్థం చేసుకున్నాను. మన ఆలంకారికులు చెప్పిన భయానక, బీభత్స రసాల విభజన దీనికి దగ్గరగా వస్తుంది గాని సరిగ్గా ఒకటి కాదు, ఎందుకంటే బీభత్సానికి మూలం జుగుప్స. ‘హారర్’కు మూలమైన లాటిన్ క్రియకు వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమని అర్థం. మన ‘రోమహర్షం’లోని హర్షమూ అదే ధాతు కుటుంబానిది. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు వణుకుతో పాటు చెప్పుకున్న రోమహర్షం సంతోషం కాదు. ఈ సంబంధం తెలిసిన తరువాత ‘హారర్’ను ‘ఒళ్ళు గగుర్పొడిచింది’ అని రాయడానికి నాకు సందేహం కలగడం లేదు.

నాకు ఇంకా కుదరనిది ‘డ్రెడ్’. రాబోయేది తప్పదని తెలిసి, అది వచ్చేలోగా రోజూ కొంచెం కొంచెంగా అనుభవించే భయం అది. ‘గుబులు’ దగ్గరగా ఉంది గాని కాస్త తేలిక. తెలంగాణలో భయానికి ‘బుగులు’ అనీ, మనసులో పెట్టుకున్న దిగులుకు ‘రంది’ అనీ అంటారు. ‘రంది పడకు’ అన్నంత ఆప్యాయంగా ‘డోంట్ వర్రీ’ని మరే మాటా చెప్పలేదని నేను అనుకుంటున్నాను. ఆ ప్రాంతపు సభ్యులు, రేపు ఆపరేషన్ అని తెలిసిన మనిషికి ఈ రాత్రి కలిగేది బుగులా, రందియా అన్నది ఉదాహరణ వాక్యంతో చెబితే, ఆ సోదరి కథలో తరువాతి పేజీకి అది వెంటనే అక్కరకు వస్తుంది.