సంక్రాంతి స్లైడ్‌షో: వచ్చిన ఫోటోలు, ఇంకా కావలసినవి

అమలాపురం, ఫోటోల పని:

అందరికీ నమస్కారం అండి. మెల్‌బోర్న్ హాల్లో మన పండగ రోజు వేసే స్లైడ్‌షో ఇక్కడినుంచే తయారుచేస్తున్నాను. ఫోటోలు బాగానే వస్తున్నాయి గానీ చాలావరకు వాట్సాప్‌లో మామూలుగా పంపినవి. అలా పంపితే సైజు కుదించేస్తుంది. ఫోన్లో తేడా తెలియదు, పెద్ద తెర మీద మాత్రం మొహాలు అలికేసినట్టు కనబడతాయి. దయచేసి మళ్లీ డాక్యుమెంట్‌గా పంపండి.

పాత ఫ్రేము ఫోటోలని గోడమీద ఉండగానే తీయకండి. అద్దంలో ట్యూబులైటు పడుతోంది. కిందికి దించి, పగటిపూట అరుగు మీద నీడలో పెట్టి, ఫ్లాష్ లేకుండా తిన్నగా పైనుంచి తీయండి.

ముఖ్యమైన సంగతి ఇంకోటి. ముక్తేశ్వరంలో ఒక మామ్మగారు ఇచ్చిన ఫోటోలో పెళ్లివారు పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కుతున్నారు. పెళ్లికొడుకు ఒక చేత్తో పంచె ఎత్తిపట్టుకున్నాడు, ఇంకో చేతిలో చెప్పులు. అది కోటిపల్లి రేవని, వెనకాల కావిడి మోస్తున్నది వాళ్ల పాలేరని, ఆయన పేరేమిటో కూడా ఆవిడ చెప్తేనే తెలిసింది. ఆ వివరం లేకపోతే మెల్‌బోర్న్‌లో పుట్టిన పిల్లలకి అదొక పడవ బొమ్మ, అంతే. అందుకే ప్రతి ఫోటోకీ ఊరు, సందర్భం, ఉన్నవాళ్ల పేర్లు రాసి పంపండి. ఇంట్లో పెద్దవాళ్లని ఇప్పుడే అడగండి. ఫోటో తెరమీద వేయడానికి వాళ్ల ఒప్పుదల కూడా తీసుకోండి.

మెల్‌బోర్న్, హాలు ఏర్పాట్లు:

అక్కా, మనకి ఇచ్చింది 10 నిమిషాలే. పీపీటీ చేసి పంపితే సరిపోదా? హాలు లాప్‌టాప్‌లో తెలుగు వస్తుందో రాదో అని టెన్షన్‌గా ఉంది.

అమలాపురం, ఫోటోల పని:

అందుకే పీపీటీ వద్దనుకున్నాను తమ్ముడూ. ఆ లాప్‌టాప్‌లో మన ఫాంటు లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి. వీడియోగా చేస్తే అక్షరాలు బొమ్మలోనే ఉండిపోతాయి, ఏ ఫాంటూ అక్కర్లేదు. షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, వాటర్‌మార్క్ పడదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. ఫోటోలకి 001, 002 అని వరసగా పేర్లు పెట్టి ప్లేలిస్ట్‌లో వేసి, అన్నీ ఎంచుకుని, మెనూలో 'యాడ్ సెలెక్టెడ్ టు స్లైడ్‌షో' నొక్కితే వరస కట్టేస్తుంది. పేర్లు రాయడానికి 'టెక్స్ట్: సింపుల్' ఫిల్టరు, మండలి అనే తెలుగు ఫాంటు.

ఫోటోకి 6 సెకన్లు, మధ్యలో 1 సెకను కలయిక. ఆ సెకను రెండు ఫోటోలకీ ఉమ్మడి కాబట్టి 120 ఫోటోలు సుమారు 10 నిమిషాల్లో అయిపోతాయి. నా మాట వింటే 80తో ఆపి, ఒక్కోదానికి 8 సెకన్లు ఇద్దాం. పేర్లు చదువుకునే టైము ఉండాలి కదా.

రాజోలు:

కనుమకి నేను జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తున్నానండి. వెదురుతో కట్టి భుజాల మీద మోసుకొచ్చే ఆ ఎత్తైన ప్రభల్ని ఫోను నిలువుగా పట్టి తీయనా, అడ్డంగానా? మీ కార్యక్రమం తరవాతి శనివారమే కదా, అందుతాయా?

అమలాపురం, ఫోటోల పని:

అందుతాయి బాబాయ్ గారూ, చివర్లో చోటు ఉంచుతాను. తెర అడ్డంది, కాబట్టి వీలైనంతవరకు అడ్డంగానే తీయండి. ప్రభ నిండా రావాలంటే నిలువుగా తీయక తప్పదు, అవి కొన్ని చాలు. నిలువు ఫోటోలకి షాట్‌కట్‌లో 'క్రాప్ సెంటర్' పెడితే పైన ప్రభ కొస, కింద మోసేవాళ్ల భుజాలు రెండూ తెగిపోతాయి. అందుకని 'ప్యాడ్ బ్లాక్' పెడతాను, పక్కల నలుపు వచ్చినా ప్రభ నిండుగా ఉంటుంది. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు నీళ్లలో మోసేవాళ్ల మొహాలు దగ్గరగా తీయండి. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే, అక్కడివాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఆ నీళ్లలో నడిచే కష్టం మాత్రం ఇక్కడి ఫోటోల్లోనే కనబడాలి.

నాదస్వరం ఒక 5 నిమిషాలు రికార్డు చేయండి, వాయించేవాళ్లని అడిగి. సినిమా పాట పెడితే యూట్యూబ్ లైవ్‌లో కాపీరైట్ అభ్యంతరం రావచ్చు.

మెల్‌బోర్న్, హాలు ఏర్పాట్లు:

సరే అక్కా, 80 ఫోటోలే ఖాయం. ఎంపీ4 ఫైలు గురువారం రాత్రికి పంపితే శుక్రవారం హాల్లో సౌండుతో సహా వేసి చూస్తాం. రెండు పెన్‌డ్రైవుల్లో పెడతాను. మామ్మగారి ఫోటో మొదట్లో వస్తుందా? వాళ్ల మనవరాలు ఇక్కడే ఉంది, ముందు వరసలో కూర్చోబెడతాను.