అప్‌డేట్: అనంతంలోంచి అనంతం తీసేస్తే సున్నా ఎందుకు రాలేదో తెలిసింది

ఎక్స్ అనంతానికి పోతున్నప్పుడు √(ఎక్స్² + 6ఎక్స్) − ఎక్స్ లిమిట్ (అంటే విలువ చివరికి ఏ సంఖ్యకి దగ్గరవుతుందో అది) సున్నా ఎందుకు కాదని పోయిన వారం అడిగాను కదా. రెండూ అనంతమే కాబట్టి కొట్టుకుపోతాయనుకున్నాను. జవాబు 3 అని చూసి బుర్ర తిరిగిపోయింది.

మీరు చెప్పినట్టే ముందు ఎక్స్ = 1000 వేసి చూశాను, 2.9955 వచ్చింది. లక్ష వేస్తే 2.99996. అంకెలు కళ్ల ముందే 3 వైపు జరుగుతుంటే భలే సంతోషమేసింది! తర్వాత మొత్తాన్ని 1 హారంగా ఉన్న భిన్నంగా అనుకుని, √(ఎక్స్² + 6ఎక్స్) + ఎక్స్‌తో లవాన్నీ హారాన్నీ గుణించాను. లవంలో 6ఎక్స్ మాత్రమే మిగిలింది. అన్నిటినీ ఎక్స్‌తో భాగిస్తే 6/(√(1 + 6/ఎక్స్) + 1). ఆ 6/ఎక్స్ సున్నాకి పోతుంది, కాబట్టి 6/2, అంటే 3.

ఎక్స్ మైనస్ అనంతానికి పోయే ఇంకో లెక్కలో మాత్రం మళ్లీ తప్పు చేశాను. √(4ఎక్స్² + 1)/ఎక్స్ లిమిట్ 2 అని రాసేశాను. ఎక్స్ రుణ సంఖ్య అయినప్పుడు √(ఎక్స్²) అంటే −ఎక్స్ కదా, అందుకే జవాబు −2. ఈ గుర్తు దగ్గర ఇప్పటికీ ఒక నిమిషం ఆగి చూసుకోవాల్సి వస్తోంది.

ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.