పార్కింగ్‌కి పర్వియస్ కాంక్రీట్: గట్టిగా ఉంటే నీళ్లు దిగవు, నీళ్లు దిగితే రాళ్లు లేస్తున్నాయి

ప్రశ్న (తిరుపతి):
కరకంబాడి రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కి పర్వియస్ కాంక్రీట్ (రాళ్ల సందుల్లోంచి వాన నీళ్లు కిందికి దిగే కాంక్రీట్) పోయాలి. కార్లు, బైకులు, అప్పుడప్పుడు నీళ్ల ట్యాంకర్. కింద ఎర్రమట్టి. క్రషర్ కంకర 20, 12, 6 ఎంఎం దొరుకుతుంది. ఇసుక లేకుండా నమూనా పోస్తే నీళ్లు దిగాయి కానీ చక్రాల కింద రాళ్లు లేచాయి. ఎం-శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక) ఎక్కువేస్తే గట్టిపడింది, నీళ్లు పైనే నిలిచాయి. ఎంత కలపాలి?

జవాబు 1:
అన్నా, 20 ఎంఎం వదిలేయండి. 12 ఎంఎం జల్లెడ దాటి 6 ఎంఎం మీద నిలిచే రాయి ఒక్కటే వాడండి. సైజులు కలిస్తే చిన్న రాయి పెద్దరాళ్ల సందుల్లో కూరుకుంటుంది. బస్తా సిమెంటుకి (50 కిలోలు) కంకర 207 కిలోలు, ఎం-శాండ్ 13 కిలోలు, నీళ్లు 15.5 లీటర్లు. ఖాళీలు సుమారు 20 శాతం వస్తాయి, 28 రోజులకి 10–15 ఎంపీఏ (మెగాపాస్కల్) బలం ఆశించొచ్చు. ఖాళీలు 15 శాతం కంటే తగ్గితే నీళ్లు దిగడం బాగా పడిపోతుంది, మీ రెండో నమూనాకి జరిగింది అదే. ఇందులో బరువంతా రాయికీ రాయికీ మధ్య అంటుకున్న సిమెంటు పేస్టు మీదే. అందుకే క్రషర్ కంకరని తప్పకుండా కడగాలి. రాయికి డస్ట్ పట్టి ఉంటే పేస్టు అతకదు, కలిపిన నీళ్లు కూడా అదే పీల్చేస్తుంది. మీ రాళ్లు లేవడానికి మొదట అనుమానించాల్సింది దీన్నే.

జవాబు 2:
కొలత సరిపోయినా మేస్త్రి నీళ్ల దగ్గర చెయ్యి జారిస్తే అంతే. పిడికెడు తీసి నొక్కితే ముద్ద నిలవాలి, రాయి తడిగా మెరవాలి. పేస్టు వేళ్లకి కారితే నీళ్లు ఎక్కువ: అది అడుక్కి దిగి పలక కింద పొరలా మూసేస్తుంది. ముద్ద చిట్లితే నీళ్లు తక్కువ.
నీడిల్ వైబ్రేటర్ వద్దు, తాపీతో నున్నగా రుద్దడం అసలే వద్దు. ఫారం (అంచు చెక్క) కన్నా 15–20 ఎంఎం ఎత్తుగా పరిచి రోలర్‌తో అణచండి. కలిపిన గంటలోపు పని అయిపోవాలి. తిరుపతి ఎండకి ఇది చాలా త్వరగా ఆరుతుంది, కాబట్టి 20 నిమిషాల్లోపు పాలిథిన్ కప్పి ఏడు రోజులు తీయకండి. ఇనుము పెట్టొద్దు, నీళ్లు, గాలి నేరుగా తగిలి తుప్పు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పీపీసీ (ఫ్లై యాష్ కలిపిన) సిమెంటు పనికొస్తుందా అన్నా? ట్యాంకర్ సంగతేంటి?

జవాబు 3:
పీపీసీ పనికొస్తుంది, కానీ కార్లని 14 రోజులు ఆపండి. ట్యాంకర్ నిలిచే దారి మాత్రం మామూలు ఎం30 (30 ఎంపీఏ బలం) కాంక్రీట్ పోసి, వాలు పర్వియస్ వైపుకి ఇవ్వండి.
నవంబరు వానకి అసలు ఆధారం కింది పొర. 150 ఎంఎం మందంలో డస్ట్ లేని 40 ఎంఎం కంకర వేస్తే 40 శాతం ఖాళీ లెక్కన 60 ఎంఎం వాన నీళ్లు అందులో నిలవుంటాయి. పై పలక 150 ఎంఎంలో 20 శాతం అంటే మరో 30. మొత్తం 90. మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్ (నీళ్లు వదిలి మట్టిని ఆపే గుడ్డ) వేయండి. ముందే గుంత తవ్వి నీళ్లు పోసి చూడండి, బంకమట్టి తగిలి ఇంకకపోతే చిల్లుల పైపు వేసి బయటికి తీయాల్సిందే.
ఆరాక 300 ఎంఎం రింగ్ పెట్టి, అంచు పుట్టీతో మూసి, ముందు కొంచెం తడిపి, తర్వాత 18 లీటర్లు పోయండి. నిమిషంలో దిగితే గంటకి సుమారు 15,000 ఎంఎం వేగం. ఏటా వానలకి ముందు అదే చోట మళ్లీ కొలిచి, బాగా తగ్గితే వాక్యూమ్ మెషిన్‌తో రంధ్రాల్లో మట్టి లాగించండి. పూలమొక్కల మడి పలక కన్నా కిందికే ఉంచండి, లేకుంటే మట్టి కొట్టుకొచ్చి రంధ్రాలు పూడిపోతాయి.