చిక్కెనో, సొక్కెనో?

కృష్ణాతీరం:
సంక్రాంతికి రావలసిన మా అబ్బాయి హైదరాబాదులో మధ్యాహ్నం మూడింటికి కారెక్కాడు. ఆరింటికి చౌటుప్పల్ దగ్గర వాహనాల బారులో ఉన్నానన్నాడు. ఆ తర్వాత ఫోను పలకడం లేదు. మా ఆవిడ వీధి అరుగు మీంచి లోపలికి రానంటోంది. ఆమెను చూస్తుంటే అప్రయత్నంగా ‘ఘనుఁడా భూసురుఁ డేగెనో, నడుమ మార్గశ్రాంతుఁడై...’ అని నోటికొచ్చి, అక్కడే ఆగిపోయింది. కృష్ణుడికి కబురు పంపిన రుక్మిణి, ఆ కబురు తీసుకెళ్ళిన బ్రాహ్మణుడు ఇంకా రాలేదని బెంగపడే పోతన భాగవత పద్యం ఇది. మా అమ్మ ఈ పాదం చివర ‘సొక్కెనో’ అనేది. ఇంట్లో ఉన్న పుస్తకంలో ‘చిక్కెనో’ అని ఉంది. అమ్మది పొరపాటా, లేక అలాంటి పాఠం ఎక్కడైనా ఉందా? పెద్దలు చెప్పాలి.

తెలుగు పంతులు:
చిక్కెనో. ఇందులో సందేహానికి తావే లేదు. ముప్ఫై ఏళ్ళు తరగతిలో చెప్పిన పద్యం.

తాటాకు:
పాఠం చెప్పడం వేరు, పాఠాంతరం చూడటం వేరు మాస్టారూ. ఇది మత్తేభం. యతి ‘ఘ’కూ ‘ర్గ’కూ కుదిరిపోయింది, ప్రాస ‘న’కారం. కాబట్టి ‘మార్గ’ అన్నది కదలదు. పాదం చివరి మూడక్షరాలకు మాత్రం కాపలా లేదు. చిక్కెనో అన్నా, సొక్కెనో అన్నా గురువు, లఘువు, గురువే. నోటిమీద నడిచే పద్యంలో మాట మారిపోయేది ఇలాంటి చోటనే.

తెలుగు పంతులు:
కాపలా లేనంత మాత్రాన దొంగ వచ్చాడని అనలేం కదా. అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి ఆధారం కావాలి.

ఓరుగల్లు ఆడపడుచు:
అసలు చిక్కు ‘చిక్కెనో’ అర్థంలో ఉంది. దాని సంగతి తేలకుండా సొక్కెనోకి ఎందుకు వెళ్ళడం? ‘నడుమ చిక్కెనో’ అంటే దారి మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయాడు, ఎవరికో పట్టుబడ్డాడు అనే అర్థం చెప్పుకుంటారు చాలామంది. ‘మార్గశ్రాంతుఁడై’ అని ముందే కారణం చెప్పాడు కదా పోతన. అలసినవాడు ఇరుక్కోవడం ఏమిటి? అలసినవాడు చిక్కిపోతాడు, అంటే నీరసిస్తాడు. నేను చిన్నప్పటి నుంచీ అలాగే అర్థం చేసుకున్నాను.

తెలుగు పంతులు:
అమ్మా, ఒక్క ప్రయాణంలో మనిషి చిక్కిపోతాడా? చిక్కడానికి నెలలు పట్టదూ? ఇక్కడ చిక్కడమంటే నిలిచిపోవడం, అంతే. ‘బలవంతమైన సర్పము చలిచీమల చేత చిక్కి చావదె’ గుర్తు తెచ్చుకోండి. పాము అక్కడ సన్నబడిందా?

ఓరుగల్లు ఆడపడుచు:
మీరు బద్దెనను తెస్తే నేను వేమనను తెస్తాను. ‘చిక్కియున్నవేళ సింహంబునైనను బక్క కుక్క కరచి బాధపెట్టు.’ మూడో పాదంలో ‘బలిమి లేనివేళ’ అని తానే విప్పి చెప్పాడు. బోనులో చిక్కిన సింహానికి బలిమి ఎక్కడికి పోతుంది? ఇది తిండి లేక చిక్కిన సింహమే. పైగా పక్కనే బక్క కుక్క. బక్క, చిక్కు, రెండూ ఒకే పద్యంలో పడ్డాయి. మనం బక్కచిక్కడం అని జంటగా వాడుతూనే ఉన్నాం.

సందేహజీవి:
మేం చదివింది ‘కరచి బాధసేయు’.

తాటాకు:
రెండూ ఉన్నాయి. వేమన దగ్గర పాఠాలు లెక్కపెట్టడం మొదలుపెడితే ఈ సంక్రాంతి కాదు, వచ్చే సంక్రాంతి వస్తుంది.

బెంగళూరు తెలుగువాడు:
నాది చాలా కాలంగా ఒక ఊహ. వ్యుత్పత్తి అని గట్టిగా అనను. కన్నడంలో చిక్క అంటే చిన్న. చిక్కబళ్ళాపురం, చిక్కమగళూరు వినే ఉంటారు. మన చిక్కడం కూడా తగ్గడమే అనుకుందాం. మనిషి చిక్కితే ఒళ్ళు తగ్గుతుంది. పాలు మరిగితే పరిమాణం తగ్గుతుంది, అవే చిక్కటి పాలు. అందుకే ఒకే మాట మనిషిని పలచన చేస్తుంది, పాలను గట్టిపరుస్తుంది. పట్టుబడటం, చిక్కుముడి, దూడ మూతికి కట్టే చిక్కం, ఇవన్నీ వేరే వంశం. తమిళంలోనూ సిక్కు అంటే తగులుకోవడమే. ఎప్పుడో రెండు దారులు కలిసి, మనకు ఒకే మాటగా మిగిలాయి.

తెలుగు పంతులు:
పాల లెక్క బాగుంది. కానీ చిక్కటి చీకటిలో తగ్గిందేమిటి?

బెంగళూరు తెలుగువాడు:
వెలుతురు.

తాటాకు:
ఇది ఊహ కాదు, చతురోక్తి.
సరే, మూలం చూద్దాం. సంస్కృత భాగవతంలో రుక్మిణి అన్నది ‘సోऽపి నావర్తతేऽద్యాపి మత్సందేశహరో ద్విజః’ అని మాత్రమే. నా సందేశం తీసుకెళ్ళిన బ్రాహ్మణుడు కూడా ఇంకా తిరిగి రాలేదు. అంతే. మిగతావన్నీ అక్కడ వరుసగా ఉన్నాయి: కృష్ణుడు నాలో తప్పేదో చూశాడేమో, మహేశ్వరుడు అనుకూలంగా లేడేమో, గౌరి ముఖం తిప్పుకుందేమో. పోతన వాటిని దాదాపు అదే వరుసలో తెచ్చుకున్నాడు. దారిలో అలసిపోయాడేమోనన్న బెంగ మాత్రం మూలంలో లేదు. వ్యాసుడి రుక్మిణికి కబురు కావాలి. పోతన రుక్మిణి కబురు మోసినవాడి కాళ్ళ గురించి కూడా ఆలోచించింది. ఆ అదనపు మాట కరుణతో పడింది కాబట్టి, చిక్కెనో అన్నది నీరసమే అయ్యుండాలి. ఈ విషయంలో ఆడపడుచు గారి పక్షం నేను.

ఓరుగల్లు ఆడపడుచు:
బమ్మెర మట్టి అది. నాగలి పట్టినవాడికే తెలుస్తుంది కాళ్ళ నొప్పి.

సందేహజీవి:
పోతన మావాడే అనే ఒంటిమిట్ట వాళ్ళు కూడా ఈ గుంపులో ఉన్నారండీ. చూసుకుని మాట్లాడండి.

తాటాకు:
వద్దు. ఆ గొడవ ఇక్కడ వద్దు.

గోదారిగట్టు:
ఆలస్యంగా వచ్చాను. అందరూ పద్యం చివర పట్టుకున్నారు, మొదట్లో ‘ఏగెనో’ ఉందే, దాన్ని అడిగేవాళ్ళే లేరు! వెళ్ళాడో లేదో అని రుక్మిణికి అనుమానమా? తానే పంపింది కదా. కాబట్టి ఏగడం అంటే ఇక్కడ చేరడం. చేరాడో, నడుమనే ఉండిపోయాడో. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెడితే చిక్కెనోకి ‘నిలిచిపోయెనో’ అన్న అర్థమే పొసుగుతుంది. మాస్టారికి నా ఓటు.
ఇంకొకటి. రుక్మిణి ఊరు కుండిన నగరం అంటే నేటి అమరావతి జిల్లా కౌండిన్యపురం అంటారు, మహారాష్ట్రలో వార్ధా నది ఒడ్డున. అక్కడి నుంచి ద్వారకకు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యకు కాశీ చూసి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆయనకు పల్లకీ ఉంది, బోయీలున్నారు, వెంట పరివారం ఉంది. రుక్మిణి పంపిన బ్రాహ్మణుడు అగ్నిద్యోతనుడికి ఏముంది? వచ్చేటప్పుడు మాత్రం అదృష్టవంతుడు, కృష్ణుడు రథం మీద ఎక్కించుకున్నాడు. శైబ్య, సుగ్రీవ, మేఘపుష్ప, బలాహకాలనే ఆ రథపు గుర్రాలు ఒక్క రాత్రిలో విదర్భ చేర్చాయి.

ఓరుగల్లు ఆడపడుచు:
మీ లెక్కే నాకు సాక్ష్యం. వెయ్యి కిలోమీటర్లు నడిస్తే చిక్కిపోడా? నెలలు పట్టదూ అని మాస్టారు అడిగారు. పడతాయి కదా!

తెలుగు పంతులు:
మరి పెళ్ళి రేపనగా అన్ని నెలలు ఎక్కడివి తల్లీ? పురాణాన్ని కిలోమీటర్లతో కొలిస్తే ఇలాగే ఉంటుంది.

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. అబ్బాయి రాత్రి రెండింటికి చేరాడు. ఫోనులో ఛార్జింగు అయిపోయిందట. తలుపు తీస్తూనే వాళ్ళమ్మ ‘ఎంత చిక్కిపోయావురా’ అంది. దీపావళికి చూసినప్పటికంటే నాలుగు కిలోలు పెరిగాడు. ఆడపడుచు గారూ, ఇది మీ ఖాతాలో వేసుకోండి.
నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మా అమ్మ చదువుకోలేదు. పద్యాలన్నీ వాళ్ళ నాన్న నోట విని పట్టినవే. ‘సొక్కెనో’ ఆయనదా, ఆమెదా?

తాటాకు:
సొక్కడం అంటే అలసి సోలిపోవడం. మార్గశ్రాంతుడికి చక్కగా అతుకుతుంది. నిజం చెప్పాలంటే చిక్కెనో కంటే బాగా అతుకుతుంది, అందుకే నాకు అనుమానం. కష్టమైన మాటను జనం సులువు చేసుకుంటారు గానీ, సులువైనదాన్ని కష్టం చేసుకోరు. తాతగారి పుస్తకం ఏదైనా ఉంటే ఆ పుట ఫోటో పెట్టండి.

కృష్ణాతీరం:
పుస్తకం అటక మీద ఉండాలి. పండుగ అయ్యాక నిచ్చెన వేస్తాను.

సందేహజీవి:
ఈలోగా చిన్న సందేహం. రెండో పాదం ‘యీశ్వరుం’ అని ఆగి, మూడో పాదం ‘డనుకూలింపఁ దలంచునో తలఁపఁడో యార్యామహాదేవియు’ అని ‘డ’తో మొదలైంది, యతిస్థానంలో ‘యా’ ఉంది. ఇది ఎలా చెల్లింది?

తెలుగు పంతులు:
‘ఈశ్వరుండు అనుకూలింప’ అని విడదీయండి, ‘ఆర్యా’ అని విడదీయండి. అచ్చుకు అచ్చు.

తాటాకు:
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా మాస్టారూ...