యానిమేషన్ సూపర్‌హీరో చిత్రం బ్లూ-రేలో రంగుల పట్టీలు: లోపం డిస్క్‌దా, టీవీదా?

ఒక యానిమేషన్ సూపర్‌హీరో చిత్రపు 1080పీ బ్లూ-రేపై సమీక్ష రాస్తున్నాను. కథానాయకుడు రాత్రివేళ నగరం మీదుగా ఎగిరే సన్నివేశంలో, ముదురు నీలం నుంచి నలుపులోకి మెల్లగా కరగవలసిన ఆకాశం విడివిడి పట్టీలుగా చీలిపోయి కనిపిస్తోంది. పగటి సన్నివేశాల్లో ఈ ఇబ్బంది లేదు.

టీవీని సినిమా మోడ్‌లో ఉంచి, షార్ప్‌నెస్‌ను సున్నాకు తగ్గించి, మోషన్ స్మూతింగ్‌నూ డైనమిక్ కాంట్రాస్ట్‌నూ ఆపి, ప్లేయర్ అవుట్‌పుట్‌ను సెకనుకు 24 ఫ్రేములకు మార్చి చూశాను. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను, డిస్క్‌ను మరో ప్లేయర్‌లోనూ వేశాను. ప్రతిసారీ పట్టీలు అదే చోట, అదే వెడల్పుతో వస్తున్నాయి. దృశ్యాన్ని ఆపి ఉంచినా చెరగడం లేదు.

సాధారణ బ్లూ-రేలో ఒక్కో రంగుకు 8 బిట్లే, అంటే గరిష్ఠంగా 256 ఛాయల మెట్లే ఉంటాయి కనుక, ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్‌పై తీసిన చిత్రాల్లో కనిపించే సన్నని చుక్కలు) లేని యానిమేషన్‌లో ఇటువంటి పట్టీలు తేలిగ్గా బయటపడతాయని తెలుసు. అయినా టీవీ ప్యానెల్ చేసే తప్పును డిస్క్ మీద మోపి, అంత శ్రమతో తయారైన చిత్రానికి తక్కువ మార్కులు వేయడం అన్యాయమవుతుంది.

నా దగ్గర రెండో టీవీ లేదు. ఈ పట్టీలు డిస్క్ ఎన్‌కోడింగ్‌లోనే (చిత్రాన్ని కుదించి డిస్క్‌లోకి ఎక్కించిన తీరులోనే) ఉన్నాయా, లేక టీవీ వల్ల వస్తున్నాయా అన్నది కచ్చితంగా తేల్చుకోవడానికి ఏ పరీక్ష చేయాలి?